తారు దిగిన తర్వాత

శ్రీ సిటీ రోడ్లు సైకిలు తొక్కేవాళ్లను చెడగొడతాయి. అంత నున్నగా, అంత వెడల్పుగా, తెల్లవారుజామున అంత ఖాళీగా ఉంటాయి. సంక్రాంతి దాటిన ఒక ఆదివారం మంచులో, వీధి దీపాల కింద వంద మందికి దగ్గరగా సైకిళ్లతో బారులు తీరాం. ఈ తారు వదిలి పక్కనున్న ఎర్రమట్టి దారుల్లోకి దిగడానికే ఇంత దూరం వచ్చామంటే గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన నమ్మలేదు. "రోడ్డు ఇంత బాగుంటే గుంతల్లోకి ఎందుకు సామీ?" అన్నాడు. పక్కనున్న మద్రాసు కుర్రాడు తమిళంలో ఏదో సర్దిచెప్పబోయాడు. ఆయన తమిళంలోనే మళ్లీ అదే ప్రశ్న వేశాడు.

ఇలాంటి సవారీని ఇప్పుడు ప్రపంచమంతా గ్రావెల్ రైడ్ అంటోంది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియా అనే చిన్న ఊళ్లో 2006లో కొద్దిమంది మొదలుపెట్టిన 200 మైళ్ల కంకరదారి పందెం ఈ సరదాకి పెద్దపండగగా మారింది. అంతకుముందే, 1997లో, ఇటలీలోని టస్కనీలో ఎరోయికా అనే సవారీ పుట్టింది. అక్కడి తెల్ల మట్టిదారులన్నిటి మీదా తారు పరిచేస్తున్నారని బాధపడిన సైకిలు అభిమానులు, వాటిని కాపాడుకోవడానికి పాతకాలపు సైకిళ్లెక్కారు. మన దగ్గర ఇంకా అంత హంగామా లేదు. మద్రాసు, నెల్లూరు, తిరుపతి, బెంగళూరు సైకిలు బృందాలవాళ్లు, హైదరాబాదు నుంచి నాలాంటి ఒకరిద్దరు. ఇది పందెం కాదు, ఎవరి టైమూ రాసుకోరు. ముందు వెళ్లేవాళ్లు మలుపు దగ్గర ఆగుతారు. అందరికంటే వెనక వచ్చేవాడి వెనకాల 'స్వీప్' అని ఒకాయన ఉంటాడు, ఆయన దాటి ఎవరూ మిగలకూడదు. నియమాలన్నీ అంతే.

ఊరు దాటేదాకా ఫ్యాక్టరీల గోడల వెంబడే తొక్కాం. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక నగరం ఇప్పుడు సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల్లో వేల ఎకరాల మీద పరుచుకుని ఉంది. మద్రాసు ఇక్కడికి 55 కిలోమీటర్లు. ఒక గోడ వెనక మెట్రో రైలు పెట్టెలు తయారవుతాయి, ఇంకో గోడ వెనక ఇసుజు బండ్లు, మరో గోడ వెనక ఏసీలు. క్యాడ్‌బరీ ఫ్యాక్టరీ వైపు నుంచి చాక్లెట్ వాసన వస్తుందేమోనని కొందరం ముక్కులెగరేశాం గానీ రాలేదు. తర్వాత ఇంకా ఏమీ కట్టని ప్లాట్లు, వాటి చుట్టూ ముందే వేసేసిన రోడ్లు, రోడ్డు అంచుల్లో నడుమెత్తు గడ్డి, గడ్డిలో ఎవరివో గేదెలు. రోడ్డు ఒక చోట ఉన్నట్టుండి ఆగిపోయింది. తారు అంచు రెండంగుళాల మెట్టులా విరిగి ఉంది. దాని కింద ఎర్రటి గ్రావెల్.

దిగగానే మాటలు ఆగిపోయాయి. తారు మీద పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వచ్చినవాళ్లమంతా ఒకరి వెనక ఒకరం అయ్యాం. చక్రాల కింద కరకర, హ్యాండిల్ పట్టుకున్న అరచేతుల్లో సన్నటి వణుకు. రోడ్డు సైకిలు సన్న టైర్లలో 80, 100 పీఎస్ఐ గాలి కొడతారు. ఈ లావు టైర్లలో 30, 40 చాలు. ఆ మెత్తదనంతో టైరు రాయి మీంచి ఎగరదు, రాయిని ఒళ్లోకి తీసుకుని వదిలేస్తుంది. నేర్చుకోవలసిందల్లా హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకపోవడం. చక్రం కాస్త అటూ ఇటూ జారుతుంది, జారనివ్వాలి. బిగబట్టినవాడే పడతాడు. "పడితే ఏం భయం లేదు, పుత్తూరు దగ్గరే" అన్నారు తిరుపతి నుంచి వచ్చిన ఒక మాస్టారు. విరిగిన ఎముకలకు ఆకుపసరు వేసి పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి తమిళనాడు నుంచి కూడా జనం వస్తారు గనక ఆ మాటలో వెటకారం సగమే.

నాకు అర్థమైన తేడా ఒకటుంది. తారు మీద చూపు దూరంగా ఉంటుంది. కొండో, బోర్డో, ఎదురొచ్చే లారీయో చూస్తాం. ఇక్కడ చూపు ముందు చక్రానికి నాలుగు బారల అవతల నేల మీదే ఉండాలి. సుందరమైన సవారీ అని చెప్పి పిలిచారు, మొదటి గంటంతా నేను చూసింది నేలనే. అయితే ఆ నేల మీద చాలా రాసి ఉంది. ట్రాక్టరు టైర్ల జడల అచ్చులు, వాటిమీద మేకల గిట్టలు, వాటిమీద రాత్రి పాకిన ఏదో పాము గీత. జేసీబీ గొలుసు చక్రం తిరిగిన చోట నేల గట్టిగా పలకలు కట్టింది. ఎడ్లబండి గాడి ఒకే ఒక చోట కనిపించింది. దారి పక్కన పల్లేరు. ఈ పల్లేరుకాయనే అమెరికావాళ్లు మేకతల అని పిలుస్తారట, అక్కడి సైకిలువాళ్లకు అదే పెద్ద శత్రువు. అదే మొక్క, అదే ముల్లు. ట్యూబ్‌లెస్ టైర్లలో పోసే తెల్లటి సీలెంట్ ద్రవం ఉన్నది అందుకోసమే. ముల్లు దిగిన చోట బుస్సుమని నాలుగు చుక్కలు చిమ్మి తనే పూడిపోతుంది. మా ముందు వెళ్తున్న ఒక జపాన్ ఇంజనీరు — ఇక్కడి ఫ్యాక్టరీల్లో జపానువాళ్లు చాలామందే — సర్కారు తుమ్మ కొమ్మ ఒకటి దారికి అడ్డంగా పడి ఉంటే దిగి, దాన్ని పక్కకు లాగి, రాలిన ముళ్లను కూడా బూటుతో ఊడ్చి, మళ్లీ ఎక్కాడు. వెనక వచ్చేవాళ్లలో ఒక్కరు కూడా అతనికి తెలిసినవాళ్లు కారు.

మంచు విడిపోయేసరికి చెరువు కట్ట మీద ఉన్నాం. ఈ ప్రాంతానికి వాన ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనంలో పడుతుంది, అందుకని జనవరిలో చెరువులు నిండుగా ఉంటాయి. కట్టకు ఒక వైపు నీళ్లు, ఇంకో వైపు వరి. నీళ్లలో సగం మునిగిన తుమ్మచెట్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఇక్కడి వాగుల నీళ్లు చివరికి చేరేది తూర్పున ప్రళయ కావేరికి. పటాల్లో పులికాట్ అని ఉండే ఆ ఉప్పునీటి సరస్సు చిలికా తర్వాత దేశంలో రెండోది. దానికి నీళ్లిచ్చే కాళంగి, ఆరణి రెండూ పడమటి కొండల వైపు నుంచే వస్తాయి. ఈ రోజుల్లో అక్కడ ఫ్లెమింగోలు, నేలపట్టు చెరువులో గూడబాతులు ఉంటాయి. ఇంత దగ్గర దాకా వచ్చి వాటిని చూడకుండా పోతున్నామే అని నెల్లూరు బృందం అంటూనే ఉంది.

మాది తెనాలి వైపు. అక్కడ కట్ట అంటే నల్లరేగడి. ఎండితే నెర్రెలు, తడిస్తే జిగురు. చిన్నప్పుడు వానాకాలంలో అట్లాస్ సైకిలు మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుని చక్రం తిరగక, సైకిలును భుజాన వేసుకుని బడికి పోయేవాళ్లం. ఈ ఎర్రనేల నీటిని దాచుకోదు, వాన వెలిసిన మర్నాటికి గట్టిపడుతుంది. ఇప్పుడు నేను తొక్కేది హైదరాబాదులో, ఔటర్ రింగ్‌రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు కింద 23 కిలోమీటర్ల ట్రాకు మీద. 2023లో తెరిచారు. ఎండ తగలదు, లారీ తగలదు, కుక్క కూడా అడ్డురాదు. మంచి ట్రాకే. కానీ అక్కడ ఎంతసేపు తొక్కినా ఎవరూ "యాడికి పోతా ఉండారు?" అని అడగరు.

ఇక్కడ అడిగారు. కట్ట దిగితే ఒక చిన్న ఊరు, పేరు రాయను. ఊరి మొదట్లో ఒకావిడ కనుమ రంగులు ఇంకా వెలవని కొమ్ములున్న ఎద్దును తోలుకొస్తూ మమ్మల్ని చూసి దారి మధ్యలో నిలబడిపోయింది. అందరి సైకిళ్లకు నంబర్లు, తలలకు హెల్మెట్లు, హ్యాండిళ్ల మీద దారి చూపించే జీపీఎస్ పెట్టెలు.

"ఏం నాయనా, మళ్లా భూములు కొలవను వొచ్చినారా?"

కాదమ్మా అన్నాం. ఊరికే తొక్కుకుంటూ పోతున్నాం అన్నాం. "ఊరికేనా?" అని మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. రోడ్డు కోసం కొలతలు తీసుకునేవాళ్లమనుకుని ఇంకో ఇద్దరు వచ్చారు. మాలో ఒకతను ఉత్సాహంగా, "ఈ రోడ్డు బాగుందని వచ్చామమ్మా" అన్నాడు.

"బాగుండాదా? వానొస్తే ఆటో రాదు. మా కోడలికి నొప్పులొస్తే ట్రాక్టర్ మీద తారురోడ్డు దాకా తీసకపోయినాం." ఆగి, "దీనికి మీరు దుడ్లిచ్చి వొచ్చినారా?" అని అడిగింది.

ఇచ్చాం. రిజిస్ట్రేషన్ ఫీజు అని చెబితే బాగుండదని ఎవరూ చెప్పలేదు. ఆమెకు కోపం లేదు, నవ్వుతూనే అడిగింది. ఎద్దును పక్కకు లాగి దారి కూడా ఇచ్చింది. కానీ ఆ తర్వాత రెండు మూడు కిలోమీటర్లు మా వరసలో ఎవరూ మాట్లాడలేదు, అది కేవలం గ్రావెల్ వల్ల కాదు.

టస్కనీవాళ్లు తారు వద్దని సైకిళ్లెక్కారు. వాళ్లకు ఆస్పత్రికి పోవడానికి వేరే తారు దారి ఉంది గనక తెల్లదారిని తెల్లగా ఉంచమని అడగగలిగారు. ఈమెకున్నది ఈ ఒక్క దారే. ప్రతి పల్లెకూ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేస్తామని ప్రధానమంత్రి గ్రామీణ సడక్ యోజన మొదలైంది 2000 డిసెంబరులో. పెద్ద ఊళ్లకు ముందు, చిన్న పల్లెలకు తర్వాత అన్నది దాని పద్ధతి. చిన్న పల్లె చివరన ఉండే నాలుగిళ్ల వంతు ఎప్పుడో. ఆమె ఊరికి తారు పడితే ఈ సవారీ దారి మార్చుకుంటుంది. మార్చుకోవడమే న్యాయం. అందమైన గతుకుల కోసం ఒక ఊరు ఆటో లేకుండా ఉండాలని కోరుకునే హక్కు నాకు లేదు. అయినా ఆ దారి బాగుందన్న మాట అబద్ధమూ కాదు. ఈ రెండు మాటలనూ కలిపి ఒకటి చేయడం నాకు చేతకాలేదు, ఆ రోజంతా రెంటినీ మోసుకుంటూ తొక్కాను.

వరదయ్యపాళెం దాటాక కొండలు దగ్గరయ్యాయి. ఈ కొండల్లోనే ఉబ్బలమడుగు జలపాతం ఉంది. మద్రాసు కుర్రాళ్లకు అది తడ ఫాల్స్. లోపలంతా రిజర్వు అడవి కాబట్టి మా దారి కొండ పాదం వెంబడే మామిడితోటల మధ్య నుంచి సాగింది. ఒక తోటలో టిఫిన్. అరటాకుల్లో పొంగలి, వడ, దోసెల పైన ఎర్రకారం, పక్కన ఊరిబిండి. వేరుశనగపప్పులు వేయించి పచ్చిమిరపకాయలు, టమోటాలతో రుబ్బిన ఈ పచ్చడి తిరుపతివాళ్ల ఇళ్లలో సంగటికి జోడీ. ఇక్కడ పొంగలికి కూడా వేసేశారు, బాగానే ఉంది. సైకిలు సవారీల్లో మామూలుగా ఇచ్చే ఎనర్జీ జెల్ పొట్లాలు ఒక అట్టపెట్టెలో అలాగే మిగిలిపోయాయి. ఉడకబెట్టిన చెనిక్కాయల గంప మాత్రం రెండుసార్లు ఖాళీ అయింది. తేగలు కూడా కాల్చి పెట్టారు. బెంగళూరు అమ్మాయి ఒకతి తేగను ఎటు నుంచి తినాలో తెలియక అటూ ఇటూ తిప్పుతుంటే, వడ్డించే ముసలాయన తీసుకుని, చీల్చి, నడిమి మొలకను పక్కన పెట్టి, పీచు లాగేసి చేతికిచ్చాడు. పేరు అడగలేదు, ఏ ఊరని అడగలేదు. "తిను తల్లీ, ఎండెక్కతా ఉండాది" అన్నాడంతే.

ఎండెక్కింది. కాలవ గట్టు చేరేసరికి పది దాటింది. కండలేరు నుంచి పూండి పోయే తెలుగుగంగ కాలవ అది. గట్టు మీద సర్వీసు రోడ్డు సూటిగా, ఎర్రగా, ఒక్క గడప కూడా లేకుండా పోతూ ఉంటుంది. గ్రావెల్ తొక్కేవాళ్లకు ఇంతకంటే భోగం ఉండదు. నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా, మా కంటే కాస్త నిదానంగా దక్షిణానికి పోతున్నాయి. సైకిలాపి గట్టు మీద కూర్చున్నాను. ఇవి మా కృష్ణ నీళ్లు. తెనాలి కాలవల్లో చూసిన నీళ్లే, ఇంకో దారిన వచ్చాయి: శ్రీశైలం దగ్గర మళ్లి, వెలుగోడు, బ్రహ్మంసాగర్ దాటి, సోమశిల దగ్గర పెన్నను కలిసి, కండలేరులో సేదతీరి, అక్కడి నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా 152 కిలోమీటర్లు. ఎన్టీఆర్, ఎంజీఆర్ ముఖ్యమంత్రులుగా ఉన్న 1983లో ఒప్పందం. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర తలా అయిదు టీఎంసీలు మద్రాసు దాహానికి వదులుకున్నాయి. నీళ్లు తమిళనాడు గడప తొక్కింది 1996లో. తర్వాత గట్లు కుంగి నీళ్లు ఇంకిపోతుంటే పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కాలవను బాగుచేయించింది. డెల్టా కాలవ మీద పడవల రేవులు, చాకిరేవులు, చింతచెట్లు ఉంటాయి, కాలవ ఊరి మనిషిలా ఉంటుంది. ఇది అలా కాదు. కాంక్రీటు అంచుల మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా పని మీద పోయే నీరు. అవతలి గట్టున యానాది కుర్రాళ్లిద్దరు గాలాలు వేసి కూర్చున్నారు. ఈ నీళ్లతో ఇక్కడ మాట కలిపింది వాళ్లే.

సత్యవేడు దగ్గర గుట్టల పక్కన దారి కోసుకుపోయిన ఒక చోట మాస్టారు అందర్నీ ఆపారు. గట్టు గోడలో, ఎర్రటి ఇసుకరాతిలో, నదిలో దొర్లినట్టు నున్నటి గులకరాళ్లు వరసలు వరసలుగా ఇరుక్కుని ఉన్నాయి. పిడికిలంతవి, కొబ్బరికాయంతవి. చుట్టుపక్కల నది లేదు. పది కోట్ల ఏళ్ల పైమాటే, క్రెటేషియస్ కాలపు ప్రవాహాలేవో ఈ కొండల క్వార్ట్‌జైట్ రాళ్లను దొర్లించి ఇక్కడ పోగేశాయని, భూగర్భ శాస్త్రంలో ఈ పొరల పేరే సత్యవేడు అని ఆయన చెప్పారు. ఆయన భూగోళం చెప్పి రిటైరయ్యారు. మేం పొద్దున్నుంచీ తొక్కుతున్న గ్రావెల్‌లో చాలా భాగం ఈ గుట్టల నుంచి రాలిందే. ఇలాంటి గులకరాళ్లనే పగలగొట్టి చేతిగొడ్డళ్లు చేసుకున్నారు ఆదిమానవులు. ఇక్కడికి దక్షిణాన పూండి దగ్గరున్న అత్తిరంపాక్కంలో 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ బృందానికి అవి దొరికాయి. 2011లో ప్రకటించిన పరిశోధన వాటి వయసును 15 లక్షల ఏళ్లుగా లెక్కగట్టింది. కాన్సస్ పందెం జరిగే కొండలను ఫ్లింట్ హిల్స్ అంటారు, చెకుముకిరాయి కొండలు. ఆ రాళ్లు టైర్లను కోసేస్తాయి. మన రాళ్లు గుండ్రాళ్లు, టైరును కోయవు, జారుస్తాయి. మాస్టారు ఒక రాయి తీసి చేతిలో తిప్పి, మళ్లీ ఎక్కడ తీశారో అక్కడే పెట్టారు. జేబులో వేసుకోబోయిన ఒకాయన కూడా పెట్టేశాడు.

సత్యవేడులో టీ తాగాం. కొట్టాయన మా నెల్లూరువాళ్లతో తెలుగు, మద్రాసువాళ్లతో తమిళం, భార్యతో రెండూ కలిపి మాట్లాడాడు. ఈ ఊరు 1960 ఏప్రిల్ 1 దాకా చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు ప్రకారం తిరుత్తణి అటు వెళ్తే సత్యవేడు ఇటు వచ్చింది. చిత్తూరు జిల్లా అయింది, 2022 నుంచి తిరుపతి జిల్లా. కాగితం మీద ఇన్ని మారినా టీకొట్టులో మాత్రం రెండు భాషలూ ఒకే గ్లాసులో ఉన్నాయి.

అక్కడి నుంచి ఎక్కువమంది శ్రీ సిటీకి, భోజనాలకు తిరిగిపోయారు. ఓపిక మిగిలిన కొద్దిమందిమి సురుటుపల్లి దాకా పోదామనుకున్నాం. మధ్యాహ్నం ఎండలో, ఊతుకోట వైపు, మళ్లీ తారు మీద. లారీల గాలి తగలగానే పొద్దుటి వణుకు కోసం చేతులు వెతుక్కున్నాయి. ఆరణి ఒడ్డున ఉన్న ఆ గుడిలో ప్రధానంగా కొలిచే శివుడు లింగంగా లేడు. హాలాహలం మింగి, సొమ్మసిల్లి, పార్వతి ఒళ్లో తల పెట్టుకుని బారుగా పడుకుని ఉన్నాడు. పళ్లికొండేశ్వరుడు. చుట్టూ దేవతలు, రుషులు ఏమవుతుందోనని నిలబడి చూస్తున్నారు. తొడలు మండిపోతూ గర్భగుడి ముందు నిలబడితే నాకు భక్తి కంటే ముందు ఆయన మీద అసూయ కలిగింది. ఇంత పెద్ద పని చేసినవాడు కూడా ఆ తర్వాత నడుం వాల్చాడని చెప్పే గుడి ఇంకోటి నేను చూడలేదు.

గుడికి పోయేముందు సైకిలును పూలకొట్టు గోడకు ఆనించి వెళ్లాను. తిరిగొచ్చేసరికి అది పక్కకు ఒరిగి పడకుండా కొట్టామె కట్టెస్తంభానికి అరటినారతో కట్టేసి ఉంచింది. ఎంతైందని అడిగింది. సగానికి సగం తగ్గించి చెప్పాను. అప్పటికీ నోరు తెరిచింది.

"అంత దుడ్లు పోసినావు, ఒక స్టాండు ఈలేదా నాయనా? వెనకాల క్యారియర్ యాడ? బియ్యం మూట యాడ పెట్టేది?"

ఆమె మనవడు అప్పటికే సీటెక్కి, పెడలు అందక కాళ్లాడిస్తూ, హ్యాండిల్ అటు చివరి నుంచి ఇటు చివరి దాకా బొటనవేలితో తడుముతున్నాడు.

"అవ్వా, గంట గూడా లే!" అని కేకేశాడు.